ఎందుకో కూడా చెప్పిన సైకిల్ మెకానిక్

షెల్డన్ బ్రౌన్ 2008 ఫిబ్రవరిలో పోయారు. అప్పటికి ఆయన వయసు 63. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ పక్కనున్న వెస్ట్ న్యూటన్‌లో హారిస్ సైక్లరీ అనే షాపులో సైకిల్ మెకానిక్‌గా పనిచేశారు. ఆ వార్త విని, ఆయన్ని ఒక్కసారైనా చూడనివాళ్ళు ఎన్నో దేశాల్లో సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. లండన్ టైమ్స్ పత్రిక సంస్మరణ వ్యాసం వేసింది. చేతులకు గ్రీజు అంటుకునే పని చేసే మనిషికి ఇలాంటి గౌరవం దక్కడం అరుదు. నేనూ ఆయన్ని చూడలేదు. ఆయన రాసినవి పక్కన పెట్టుకుని, చేత్తో పానా పట్టుకుని పని నేర్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి.

ఆయన గురించి ఎవరు చెప్పినా ముందు వచ్చే మాట, తెలిసినదంతా పైసా తీసుకోకుండా పంచిపెట్టారని. నిజమే. 1990ల మధ్యలో, ఇంటర్‌నెట్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే తన వెబ్‌సైట్‌లో రాయడం మొదలుపెట్టి, పోయేదాకా ఆపలేదు. కానీ ఈ పొగడ్త నాకు ఎప్పుడూ చాలదనిపిస్తుంది. డబ్బు తీసుకోకుండా చెప్పేవాళ్ళు ఇప్పుడు కొల్లలు. ఈ నట్టు ఇటు తిప్పు, చైను ఇలా లాగు, అయిపోయింది అని రెండు నిమిషాల్లో చూపించి వెళ్ళిపోయేవాళ్ళకు కొదవ లేదు. బ్రౌన్ ప్రతి పనికీ కారణం చెప్పారు. ఎలా చెయ్యాలో చెప్పినవాడు మనకి ఒక పని నేర్పుతాడు. ఎందుకలా చెయ్యాలో చెప్పినవాడు, ఇక తన దగ్గరికి మళ్ళీ రావాల్సిన అవసరం లేకుండా మనల్ని తయారు చేస్తాడు. ఏ వృత్తిలోనైనా జనం దాచుకునేది ఈ రెండోదాన్నే. ఆయన దాన్నే ముందు ఇచ్చేశారు.

చైను సంగతే తీసుకోండి. "చైను సాగిపోయిందండీ, మార్చెయ్యాలి" అంటాడు మెకానిక్. ఎంత సాగింది, ఎలా తెలిసింది అని అడిగితే చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపిస్తాడు. బ్రౌన్ దీనికి స్కేలు తెచ్చుకోమన్నారు. అంతకు మించిన పనిముట్టు అక్కర్లేదు.

సైకిల్ చైనులో ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. మామూలు గేరు లేని బండికైనా, పందెం బండికైనా అంతే. కాబట్టి 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. చైను బిగువుగా ఉన్నచోట స్కేలు సున్నాని ఒక పిన్ను నడిమధ్యకి ఆనించి, 12 అంగుళాల గీత దగ్గర ఏముందో చూడాలి. కొత్త చైనైతే అక్కడ కూడా పిన్ను నడిమధ్యే కనిపిస్తుంది. పిన్ను ఆ గీత దాటి అంగుళంలో పదహారో వంతు అవతలికి వెళ్ళిందంటే చైను మార్చే వేళయింది. పళ్ళ చక్రాలు ఇంకా బాగానే ఉండి ఉంటాయి. ఎనిమిదో వంతు వెళ్ళిందంటే ఆలస్యమైపోయింది. ఆ చైను వెనక పళ్ళని కూడా తినేసి ఉంటుంది. ఇప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే, గట్టిగా తొక్కినప్పుడల్లా అది పళ్ళ మీద ఎగిరి జారుతుంది.

ఇంతవరకూ కిటుకు. ఇక్కడితో ఆపేసినా చాలామందికి పని జరిగిపోతుంది. కానీ అసలు సంగతి ఏమిటంటే, చైను రేకులు సాగవు. సాగింది అనేది వాడుక మాట మాత్రమే. రెండు లింకులు మడత పడే చోట పిన్నూ, దాని చుట్టూ ఉన్న లోహమూ రాసుకుని రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ పడుతుంది. అలాంటి ఖాళీలన్నీ కలిస్తే, అడుగు పొడవులో, స్కేలు మీద కంటికి ఆనేంత తేడా వస్తుంది. ఇప్పుడు పిన్నుల మధ్య దూరం అర అంగుళం కంటే ఎక్కువ. పళ్ళ మధ్య దూరం మాత్రం అర అంగుళమే. బరువు అన్ని పళ్ళ మీదా సర్దుకోక ఒకటి రెండింటి మీదే పడుతుంది, చైను పంటి మొదట్లో కూర్చోక కొస వైపుకి ఎక్కుతుంది, పన్ను కొక్కెంలా వంకరపోతుంది.

ఈ కారణం ఒకసారి బుర్రకెక్కాక మిగతావి ఎవరూ చెప్పనక్కర్లేదు. అరుగుదల లోపల పిన్ను దగ్గర జరుగుతోంది కాబట్టి నూనె చేరాల్సింది అక్కడికి. చైను పైన కారేలా పోస్తే ప్రయోజనం లేదు. పైగా పైన మిగిలిన నూనె దుమ్ముని పట్టి ఉంచుతుంది, ఆ దుమ్మే లోపలికి దిగి ఆకురాయి పని చేస్తుంది. కాబట్టి ఒక్కో కీలు మీద ఒక్కో చుక్క వేసి, కాసేపు ఆగి, పైనున్నదంతా గుడ్డతో తుడిచెయ్యాలి. వానలో తొక్కే బండి చైను త్వరగా ఎందుకు పోతుందో, చైను సకాలంలో మార్చేవాళ్ళ వెనక పళ్ళు రెండు మూడు చైనుల కాలం ఎందుకు నిలుస్తాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. నేను బ్రౌన్‌ని గురువు అనడం ఇందుకే. ఆయన రాయని ప్రశ్నలకు కూడా ఆయన ఇచ్చిన కారణంలోంచే జవాబు తీసుకోగలిగాను.

పెడల్ మర విషయం ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. కుడి పెడల్‌కి కుడికి తిప్పితే బిగిసే మామూలు మర, ఎడమ పెడల్‌కి ఎడమకి తిప్పితే బిగిసే ఎదురు మర. ఇది కంఠతా పట్టేస్తే పని నడుస్తుంది. ఆలోచించడం మొదలుపెడితే మాత్రం తల తిరుగుతుంది. కుడివైపు నిలబడి చూస్తే, ముందుకు తొక్కుతున్నప్పుడు క్రాంకు, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీ, గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పెడల్ మాత్రం పాదం కింద పడుకున్నట్టే ఉంటుంది. అంటే, క్రాంకు మీద కూర్చుని చూస్తే అది ఎదురు వైపుకి తిరుగుతోంది. లోపల బాల్సు రాపిడికి ఇరుసు కూడా అటే పోవాలి కదా. అలా పోతే కుడి పెడల్ విప్పుకోవాలి. లెక్క ప్రకారం మరలు తారుమారుగా పెట్టారనిపిస్తుంది.

జవాబు ఇది. ఎంత బిగించినా, క్రాంకు రంధ్రంలో ఇరుసుకి కంటికి కనిపించనంత సందు ఉంటుంది. కాలి బరువు ఎప్పుడూ నేల వైపుకే పడుతుంది, క్రాంకు మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. అందుకని ఇరుసు రంధ్రం గోడకి నొక్కుకునే చోటు ఆ గోడ చుట్టూ ప్రదక్షిణ చేస్తూ ఉంటుంది. ఇరుసు ఆ గోడ మీద దొర్లుతూ, నొక్కుడు తిరిగే దిశకి ఎదురుగా, రవ్వరవ్వ తిరుగుతుంది. ప్రెసెషన్ అంటారు దీన్ని. బాల్సు రాపిడి కంటే దీని బలం చాలా ఎక్కువ. ఇది రెండు పెడల్సునీ బిగించే వైపే పనిచెయ్యాలి కాబట్టి ఎడమవైపు ఎదురు మర పెట్టారు. నమ్మబుద్ధి కాకపోతే పిడికిలి వదులుగా ముడిచి అందులో పెన్సిల్ దూర్చండి. పెన్సిల్ కొసని రెండో చేత్తో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. కొస ఒకవైపు తిరుగుతుంటే, పెన్సిల్ పిడికిట్లో తన చుట్టూ తాను రెండో వైపు తిరుగుతుంది.

ఎడమ పెడల్స్ ఊడిపోతున్న బాధ నిజంగా పడి కనుక్కున్న పరిష్కారమే ఇదనీ, కుర్చీలో కూర్చుని ఊహించిన సిద్ధాంతం కాదనీ బ్రౌన్ రాశారు. నాకు ఆ వాక్యం చాలా ఇష్టం. పనిచేసే చేతులకు ముందు తెలిసింది, కారణం తర్వాత వచ్చింది. కానీ కారణం వచ్చాక అది ఇంకా చాలాచోట్ల పనికొచ్చింది. బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే క్రాంకుల ఇరుసు తిరిగే చోట, ఇంగ్లీషు పద్ధతి ఫ్రేముల్లో బాల్సుని పట్టి ఉంచే కుడి కప్పుకి ఎదురు మర ఉంటుంది. ఇటలీ పద్ధతిలో రెండువైపులా మామూలు మరే; వాటి కుడి కప్పు వదులైపోతుందని మెకానిక్‌లు మొత్తుకుంటారు. పెడల్ కథ తెలిసినవాడికి ఇది కొత్త పాఠం కాదు.

ముందు బ్రేకు విషయంలో మాత్రం ఆయన్ని గట్టిగా వెనకేసుకురావాలి, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. "ముందు బ్రేకు వెయ్యకు, బొక్కబోర్లా పడతావు" అనేది సైకిల్ నేర్పేటప్పుడు చాలామంది మొదట చెప్పే మాట. బ్రౌన్ దీనికి నేరుగా ఎదురు చెప్పారు. పట్టున్న పొడి రోడ్డు మీద అన్నిటికంటే త్వరగా ఆగాలంటే ముందు బ్రేకే ఆధారమన్నారు. బండి వేగం తగ్గేకొద్దీ బరువంతా ముందు చక్రం మీదకి వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టుండదు, బ్రేకు పడగానే జారుతుంది. ముందు బ్రేకు ఒత్తుడికి వెనక చక్రం నేల విడవబోయే క్షణం ఉంది చూశారా, అంతకంటే వేగంగా ఆ బండి ఆగలేదు. ఆ క్షణంలో వెనక బ్రేకు చెయ్యగలిగింది ఏమీ లేదు.

మరి మనుషులు హ్యాండిల్ మీంచి పల్టీ కొట్టేది ఎందుకు? బండి ఆగుతుంది, మనిషి ఆగడు. చేతులు బిగబట్టి ఒంటిని వెనక్కి ఆపుకోకపోతే ఒళ్ళు ముందుకు దూసుకుపోయి హ్యాండిల్‌ని తంతుంది. వెనక చక్రం లేచేది ఆ తోపుడుకే. ఈ మాట ఎవరైనా ఊరికే "ముందు బ్రేకు వాడండి" అని చెబితే నేను వినేవాణ్ణి కాదు, ఎవరినీ వినమని అనను కూడా. బ్రౌన్ కారణం చెప్పారు, ఖాళీ జాగాలో మెల్లగా సాధన చెయ్యమన్నారు. తడి రోడ్డు, జారే నేల, గతుకులు, ముందు టైరు పంక్చరు, ఇలాంటి చోట్ల వెనక బ్రేకే వెయ్యాలని కూడా చెప్పారు. ఎక్కడ పనికిరాదో చెప్పని సలహాని నేను నమ్మడం మానేసింది ఆ వ్యాసం చదివాకే.

హద్దు చెప్పడం అనే ఈ గుణం ఆయన రాతల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. పాత ఫ్రేములో కొత్త వెనక చక్రం పట్టదు. పాతవాటిలో వెనక ఫోర్కు చివరల మధ్య ఖాళీ 120 లేదా 126 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన హబ్బులకి (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగానికి) 130 కావాలి. ఉక్కు ఫ్రేమైతే దాన్ని వంచి వెడల్పు చెయ్యొచ్చని ఆయన వివరంగా రాశారు. ఒక్కోవైపు సమంగా వంగిందో లేదో తెలుసుకోవడానికి ఆయన చెప్పిన ఉపాయానికి దారం చాలు. వెనక ఒక చివర దారం కట్టి, ముందుకు తెచ్చి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో చివరకి లాగి కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీ రెండువైపులా కొలవాలి. సమానంగా వస్తే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. వేల రూపాయల పనిముట్టు చేసే పని దారం ముక్క చేస్తుంది. అదే ఊపులో, అల్యూమినియంతో గానీ కార్బన్‌తో గానీ ఇది చెయ్యొద్దని కూడా చెప్పారు. ఉక్కు వంగి ఆ వంపుని నిలుపుకుంటుంది, మిగతావాటికి ఆ ఓర్పు లేదు. విద్య అందరికీ చెప్పేస్తే అర్ధజ్ఞానంతో చెడగొట్టుకుంటారని వాదించేవాళ్ళకు నా జవాబు ఈ వ్యాసమే. చెడగొట్టేది సగం చెప్పిన విద్య. పూర్తిగా చెప్పినదానిలో ఎక్కడ ఆగాలో కూడా ఉంటుంది.

టైరు కొలతల గురించి ఎంత చెప్పినా తక్కువే. 26 × 1.75 అని ఒక టైరు, 26 × 1¾ అని ఇంకొకటి. లెక్కల్లో రెండూ ఒకటే. రిమ్ము దగ్గర ఒకటి కాదు. మొదటిది కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, రెండోదానిది 571. అంకెల్లో సమానమై, ఒకటి దశాంశంలోనూ ఒకటి భిన్నంలోనూ రాసి ఉన్న టైర్లు ఒకదాని బదులు ఒకటి పనికిరావని ఆయన ఒక సూత్రం చేసి దానికి తన పేరే పెట్టారు. 28 అంగుళాలు అన్న పేరుతోనే 622 ఉంది, 635 ఉంది. మనలో చాలామంది ఎరిగిన ఇనప కడ్డీ బ్రేకుల పెద్ద నల్ల సైకిల్‌ది ఈ 635. అంగుళాల పేరు ఎప్పుడో ఒకప్పటి టైరు బయటి కొలతని బట్టి వచ్చింది. తర్వాత టైర్లు సన్నబడ్డాయి, లావయ్యాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక్కో దేశం, ఒక్కో కంపెనీ తమ లెక్క తాము రాసుకున్నాయి. ఈ గందరగోళాన్నంతా ఆయన ఒక పట్టికలోకి తెచ్చి, పాత పేరు పక్కన రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో పెట్టారు. టైరు గోడ మీద 37-622 అని ఉంటే 37 లావు, 622 ఆ వ్యాసం. ఆ రెండో అంకె కలిస్తేనే టైరు పడుతుంది.

ఈ పట్టిక ఎవరికి కావాలి? కొత్త బండి కొనేవాడికి అక్కర్లేదు. తండ్రి తొక్కిన బండి అటకమీంచి దింపినవాడికి కావాలి, ఎవరో పారేసినదాన్ని తెచ్చుకుని బాగుచేసుకునేవాడికి కావాలి. "దీనికి సామాను దొరకదు, కొత్తది కొనుక్కోండి" అన్న మాట దగ్గర ఆగిపోయేవాళ్ళకు కావాలి. ఆయన ఔదార్యం ఎటు చూసిందో ఇక్కడ తెలుస్తుంది. అమ్మకం జరగని చోటికి చూసింది.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ రాలీ కంపెనీ పాత మూడు గేర్ల సైకిళ్ళంటే ఆయనకు మహా ఇష్టం. చాలామంది తుక్కు కింద లెక్కవేసే వాటి మీద ఆయన పేజీలకు పేజీలు రాశారు. రాలీ తన బాటమ్ బ్రాకెట్ మరలు అంగుళానికి 26 చొప్పున కోసుకుంది, మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకి 24. బయటి కప్పు తెచ్చి బలవంతాన బిగిస్తే ఫ్రేమే పోతుంది. క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను సుత్తితో కొట్టేటప్పుడు క్రాంకు కింద నుంచి నేలదాకా ఇనప గొట్టం ముక్క ఆసరా పెట్టాలి. లేకపోతే దెబ్బంతా బాల్సు మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. మూడు గేర్లూ లోపలే ఉండే స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్బు మీద అది తయారైన సంవత్సరం అచ్చు గుద్ది ఉంటుంది, దాన్ని బట్టి బండి వయసు అంచనా కట్టొచ్చు.

ఆ హబ్బు గేరు సరిచేసే పద్ధతి ఒక్కటి చెబుతాను, ఎందుకంటే ఇది తెలియక దెబ్బలు తగిలించుకున్నవాళ్ళు ఉన్నారు. గేరు మీటని మధ్య స్థానంలో పెట్టండి. ఇరుసు కుడి కొస నట్టుకి చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే, సన్న గొలుసు వచ్చి కలిసే కడ్డీ కొస ఇరుసు కొసతో సమంగా కనిపించాలి. తేడా ఉంటే తీగ బిగువు సరిచెయ్యాలి. సరిచెయ్యకపోతే ఏమవుతుంది? చాలాకాలం తయారైన ఏడబ్ల్యూ రకం హబ్బులో రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది. తీగ తప్పుగా ఉంటే హబ్బు అక్కడికి జారుతుంది. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు అలా జరిగితే కాలి కింద పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోతుంది. ఇంత చిన్న సర్దుబాటుకి ఇంత ప్రమాదం ఆగుతుందని తెలిస్తే ఎవరైనా చేసుకుంటారు. చెప్పేవాళ్ళు లేకే.

ఇక పొట్ట సంగతి. విద్యంతా ఇలా బయట పెట్టేస్తే మెకానిక్ ఏం తిని బతకాలి అనేవాళ్ళున్నారు. ఇది తేలిగ్గా తోసెయ్యాల్సిన మాట కాదు. తక్కువ ఆదాయంతో నడిచే పని ఇది. నాలుగు కిటుకులు చేతిలో దాచుకోవడమే రేపటికి భరోసా అనుకునే మనిషిని నేను తప్పుపట్టను. కానీ బ్రౌన్ అనుభవం ఏమిటి? ఆయన రాతలు చదివినవాళ్ళు, ఎక్కడా దొరకని పాత సామాను కోసం, ఎక్కడెక్కడి నుంచో ఆయన పనిచేసే షాపుకే ఆర్డర్లు పంపారు. ఒక ఊరి షాపు పేరు దేశదేశాల సైకిల్ మనుషులకు తెలిసింది. చదివి నేర్చుకున్నంత మాత్రాన అందరూ తమ పని తాము చేసుకోరు కూడా. చక్రం కట్టడం గురించి ఆయన రాసింది చదివితే స్పోకులు ఎలా అల్లాలో తెలుస్తుంది. బెండు తీసేటప్పుడు పక్కలకి ఊగడం, పైకీ కిందికీ ఎగరడం, రిమ్ము నడిమధ్యకి రావడం, స్పోకుల బిగువు, ఈ నాలుగూ ఒకదాన్నొకటి ఎలా కదుపుతాయో తెలుస్తుంది. తెలిశాక 36 స్పోకుల చక్రాన్ని మీరే కట్టుకుని చూడండి. సాయంత్రానికి చక్రం కట్టే మనిషి మీద ఎనలేని గౌరవం కలుగుతుంది, అతను అడిగే కూలి తక్కువేననిపిస్తుంది. పని లోతు తెలిసిన గిరాకీ బేరం తక్కువ ఆడతాడు. నా మట్టుకు నేను అలాగే మారాను.

ఇందులో నాకు మింగుడుపడని వాస్తవం కూడా ఉంది. హారిస్ సైక్లరీ 2021లో మూతపడింది. పంచిపెట్టడం షాపుని శాశ్వతంగా నిలబెట్టలేదు. షాపులు మూతపడటానికి సవాలక్ష కారణాలుంటాయి కాబట్టి దీన్ని ఆ వైపు గానీ ఈ వైపు గానీ సాక్ష్యంగా నేను వాడుకోను. ఒకటి మాత్రం కళ్ళెదుట ఉంది. షాపు పోయాక కూడా ఆ రాతలు మిగిలాయి. దాచుకున్న విద్య అయితే దుకాణంతో పాటే పోయేది.

అభిప్రాయాన్ని అభిప్రాయంగానే చెప్పడం ఆయనలో నేను మెచ్చే మరో గుణం. ముందు బ్రేకు కుడిచేతికి ఉండాలని ఆయన ఇష్టం. తన బండ్లకి అలాగే పెట్టుకున్నారు, కారణాలూ రాశారు, అందరూ అలాగే చెయ్యాలని మాత్రం పట్టుబట్టలేదు. గేర్ల లెక్కకి ఆయన ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించారు. పాత లెక్క చక్రం వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని పళ్ళ నిష్పత్తితో హెచ్చవేస్తుంది, క్రాంకు పొడవుని వదిలేస్తుంది. ఆయన దాన్నీ కలిపారు. చక్రం వ్యాసార్ధం 340 మిల్లీమీటర్లు, క్రాంకు 170 అయితే నిష్పత్తి 2. ముందు 45 పళ్ళు, వెనక 18 అయితే 2.5. రెండూ హెచ్చవేస్తే 5. పాదం తన వలయంలో మీటరు కదిలితే బండి 5 మీటర్లు కదులుతుంది. అంగుళాల్లో కొలిచినా సెంటీమీటర్లలో కొలిచినా అదే అంకె వస్తుంది. నాకు ఇదే సరైన లెక్కనిపిస్తుంది. లోకం మాత్రం పాత అలవాటు వదల్లేదు. ఆయన గేర్లు లెక్కకట్టే సాధనం తయారుచేసినప్పుడు తన పద్ధతితో పాటు పాత పద్ధతుల్నీ అందులో ఉంచారు. చదివేవాడికి ఏది అలవాటైతే అదే వాడుకోనిచ్చారు.

చక్రాల మీద పుస్తకం రాసిన ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ వ్యాసాలకూ ఆయన తన దగ్గర చోటిచ్చారు. బ్రాంట్ మాట కటువు, బ్రౌన్ మాట మెత్తన. ఇద్దరి రాతలూ పక్కపక్కనే ఉంటాయి.

2007లో ఆయనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని తేలింది. రెండు చక్రాల బండి మీద నిలదొక్కుకోవడం కుదరకుండా పోయింది. గేరు మార్చే వీలు లేకుండా, పెడల్ ఆపితే చక్రం ఆగే ఫిక్స్‌డ్ గేరు బండ్లంటే ప్రాణమిచ్చే మనిషి ఆయన. హెల్మెట్ మీద గద్ద బొమ్మ పెట్టుకుని తొక్కేవారు. ఆ మనిషి వెనక్కి ఆనుకుని తొక్కే మూడు చక్రాల బండికి మారారు. తన జబ్బు గురించి కూడా, బండి గురించి రాసినట్టే, దాచకుండా రాశారు. ఏది పనిచేస్తోంది, ఏది చెయ్యడం లేదు అని. మరుసటి ఏడాది మొదట్లో గుండెపోటుతో పోయారు.

ఆ తర్వాత ఆయన భార్య హారియెట్ ఫెల్, స్నేహితుడు జాన్ ఆలెన్ ఆ రాతల్ని కాపాడుతూ వచ్చారు. కాపాడటం అంటే అద్దాల బీరువాలో పెట్టడం కాదని వాళ్ళ పని చూస్తే తెలుస్తుంది. ఆలెన్ తానూ సైకిల్ విద్య తెలిసిన రచయితే. స్పోకుని మీటి, దాని శ్రుతిని బట్టి బిగువు చూసుకోవడం మీద ఆయన రాసిన వ్యాసం మంచి చెవి ఉన్నవాళ్ళకు ఎంతో పనికొస్తుంది. పాత వ్యాసాల్లో కాలం చెల్లినవి దిద్దుతూ, కొత్తవి చేర్చుతూ, తాను చెయ్యి పెట్టినచోట తన పేరు పెట్టారు.

అయినా ఇద్దరు ముగ్గురి వల్ల అయ్యే పని కాదిది. డిస్కు బ్రేకులు, వెనక పన్నెండేసి పళ్ళ చక్రాలు ఉండే గేర్లు, కరెంటుతో మారే గేర్లు, బలవంతాన నొక్కి బిగించే బాటమ్ బ్రాకెట్లు వచ్చేశాయి. ఈ చివరివాటి రకాలు చూస్తే టైరు కొలతల గందరగోళం నయమనిపిస్తుంది. ఒక కంపెనీ హబ్బు ఇంకో కంపెనీ ఫ్రేములో పడుతుందా, ఫలానా బేరింగు బయట దొరుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు తయారుచేసినవాళ్ళ దగ్గరే ఉండిపోతోంది. కొలతలు వాళ్ళే అచ్చువెయ్యాలి. ఏ కొలత ఎందుకు మార్చారో కూడా చెప్పాలి. వాళ్ళు చెప్పనంతకాలం, విప్పి, కొలిచి, కారణంతో సహా రాసిపెట్టే మెకానిక్‌లు కావాలి. అలా రాసేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. పని మధ్యలో, నల్లబడ్డ చేతుల్తోనే ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి చూపిస్తున్నారు. వాళ్ళని వెతికి చదవండి, తప్పుంటే చెప్పండి, మీరు కొలిచింది వాళ్ళకి పంపండి.